చిన్న బడికి లెక్కల సార్, పీఈటీ సార్ ఎందుకని అడిగేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, మా జిల్లా విద్యాశాఖాధికారి గారికి, మా ప్రాంత ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

ఉత్తరాంధ్రలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పిల్లల తల్లిదండ్రులం, అక్కడే చదువుకుని బయటికెళ్లిన పూర్వ విద్యార్థులం కలిసి రాస్తున్న ఉత్తరమిది. బడి పేరు కావాలనే రాయలేదు. రాస్తే సంజాయిషీ నోటీసు వచ్చేది పైవాళ్లకు కాదు, ఉన్న కొద్దిమందితో బడిని నెట్టుకొస్తున్న టీచర్లకు. మేమిచ్చిన అర్జీలో ఊరు, పేరు, యూడైస్ కోడ్ (బడి గుర్తింపు సంఖ్య) అన్నీ ఉన్నాయి. చూడాలనుకున్నవారికి క్షణంలో దొరుకుతాయి.

మా బడికి లెక్కల సార్, పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) కావాలని, మైదానం బాగుచేయాలని సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాం. కొన్నాళ్లకు సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజి వచ్చింది. బడికెళ్లి చూస్తే పీఈటీ లేరు, లెక్కల సార్ లేరు, మైదానంలో కంకర కుప్ప అలాగే ఉంది. మళ్లీ ఇచ్చాం. ఈసారి ‘మా పరిధిలో లేదు’ అని రాసి ముగించారు. ఒకసారి తీరిపోయిన సమస్య రెండోసారికి పరిధి ఎలా దాటిపోయిందో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

ముందు బడి సంగతి. ఐదారు ఊళ్లకు కలిపి ఉన్న ఒకే హైస్కూలు ఇది. ఆరు నుంచి పది దాకా అందరినీ కలిపినా నూట ఇరవై మంది దాటరు. చాలామంది కౌలు రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. కొందరి అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బిల్డింగు పనుల్లో ఉంటే పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉండి చదువుకుంటున్నారు. ఇంట్లో హోంవర్కు చూసేవాళ్లుండరు. ట్యూషన్ మాటే లేదు.

ఇలాంటి బడికి చుట్టుపక్కల రెండు పేర్లుండేవి. కొందరు ఖోఖో బడి అనేవారు, కొందరు ట్రిపుల్ ఐటీ బడి అనేవారు. రెండూ ఒకే పనివల్ల వచ్చిన పేర్లు. సాయంత్రం బెల్లు కొట్టాక పీఈటీ సార్ పిల్లల్ని మైదానంలోకి దింపేవారు. ఆరింటికి ఆట ముగిస్తే పదో తరగతివాళ్లు కాళ్లు కడుక్కుని లెక్కల సార్ స్టడీ అవర్‌లో కూర్చునేవారు. ఆట కోసం ఆగినవాళ్లు చదువుకు దొరికేవారు. స్టడీ అవర్ ఎగ్గొడితే మర్నాడు టీములో చోటుండేది కాదు. ఏ సర్క్యులర్‌లోనూ లేని ఏర్పాటు ఇది. ఇద్దరు మాస్టార్లు మాట్లాడుకుని పెట్టుకున్నారు, అంతే. పీఈటీ సార్ రిటైరయ్యాక ఆట ఆగింది, ఆట ఆగిన నెలలోనే స్టడీ అవర్ కూడా ఆగింది. పిల్లలు నాలుగింటికే పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోతుంటే లెక్కల సార్ ఎవరికి చెప్తారు? తర్వాతి బదిలీల్లో ఆయనా వెళ్లిపోయారు.

2022 జూన్‌లో వచ్చిన జీవో 117 బడులను కొత్త రకాలుగా విడగొట్టి, టీచర్ పోస్టులకు పిల్లల సంఖ్యను కొలబద్ద చేసింది. సంఖ్య తక్కువున్న ఉన్నత పాఠశాలలకు హెచ్ఎం పోస్టు, వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు అక్కర్లేదని లెక్క గీసింది. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. ఉపాధ్యాయ సంఘాలు మిఠాయిలు పంచుకున్నాయి, మేమూ సంతోషించాం. కానీ జీవో పోయినా మా పీఈటీ పోస్టు మాత్రం తిరిగి రాలేదు.

దీనివల్ల మా పిల్లలకు జరుగుతున్నది ఇదీ.

1. లెక్కల సంగతి. ఇప్పుడు మాకున్నది వర్క్ అడ్జస్ట్‌మెంట్. పక్క మండలం నుంచి ఒక మాస్టారు వారంలో మూడు రోజులు వస్తారు. ఆయన మంచివారే. కానీ ఆ మూడు రోజుల్లోనే కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) మీటింగు పడుతుంది, ఏదో ట్రైనింగు పడుతుంది, వాళ్ల సొంత బడిలో పరీక్ష పడుతుంది. వర్గ సమీకరణాలు మొదలుపెట్టిన వారానికీ ముగించిన వారానికీ మధ్య దసరా సెలవులు వచ్చి వెళ్లాయి. మిగతా రోజుల్లో ఫిజిక్స్ మేడమే లెక్కలు కూడా చూస్తున్నారు, తన సబ్జెక్టు పక్కన పెట్టి.

దీని నష్టం మార్కుల జాబితాలోనే ఆగదు, రూపాయల్లో కూడా చెప్పొచ్చు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష మా లాంటి ప్రభుత్వ బడుల పిల్లల కోసమే పెట్టింది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు, మొత్తం 48,000. ఆ పరీక్షలో సగం మానసిక సామర్థ్యం, మిగతా సగంలో లెక్కలు, సైన్సు, సోషల్. తర్కం నేర్పేదీ లెక్కల మాస్టారే, లెక్కలు నేర్పేదీ ఆయనే. ఆయన లేని బడి నుంచి ఆ పరీక్షకు వెళ్లడమంటే ఊరికే సెంటరు చూసి రావడం. కూలికెళ్లే తల్లికి 48,000 అంటే ఏమిటో మీకు చెప్పాల్సిన పనిలేదు.

ట్రిపుల్ ఐటీ కూడా అంతే. 2008లో పెట్టిన, పదో తరగతి కాగానే చేరే ఆ ఇంజినీరింగు చదువులు పల్లె బడుల పిల్లల కోసమే. సీటు ఇచ్చేది పదో తరగతి మార్కులను చూసి. ప్రభుత్వ బడిలో చదివినవారికి వెనుకబాటు కింద నాలుగు శాతం కలుపుతారు. కలుపుతున్నందుకు కృతజ్ఞతలు. కానీ టీచరును తీసేసి నాలుగు శాతం కలిపితే ఆ కలిపింది ఎక్కడికి సరిపోతుంది?

2. పీఈటీ లేకపోతే ఆగిపోయేది ఆట ఒక్కటే అనుకుంటే పొరపాటు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకు పంపాలంటే ఎంట్రీ ఫారం నింపాలి, పుట్టినతేదీ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్ జతచేయాలి, హెచ్ఎం సంతకం పెట్టించాలి, చెప్పిన రోజుకు పిల్లల్ని తీసుకెళ్లి సాయంత్రం క్షేమంగా ఇంటికి చేర్చాలి. ఆడపిల్లలుంటే వెంట మేడమ్ ఉండాలి. ఇదంతా పీఈటీ పని. ఆయన లేరు కాబట్టి సెలెక్షన్ల కబురు వాట్సాప్ గ్రూపులో వచ్చి అక్కడే ఉండిపోతోంది. హెచ్ఎం బాధ్యతలు చూస్తున్న మాస్టారు తన తరగతులు వదిలి వెళ్తే ఆ రోజు ఇంకో సబ్జెక్టు పోతుంది. ఆయన ఏది వదులుకోవాలి?

పెద్దలకు ఒక ఏడాది పోతే ఒక ఏడాదే. ఈ పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలుగా నడుస్తాయి. పదమూడేళ్లు దాటిన పిల్లకు ఈసారి ఎంట్రీ వెళ్లకపోతే వచ్చే ఏడాది తనకంటే మూడేళ్లు పెద్దవాళ్లతో పరుగెత్తాలి. ఒక్క సంతకం పడకపోతే ఒక వయసు విభాగం మొత్తం చేజారిపోతుంది. సర్టిఫికెట్ లేకపోతే రేపు ట్రిపుల్ ఐటీలోనో ఇంజినీరింగులోనో ఉద్యోగంలోనో స్పోర్ట్స్ కోటా ఊసే ఉండదు. ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను రెండు నుంచి మూడు శాతానికి పెంచింది. మెగా డీఎస్సీలో 421 టీచరు పోస్టులు క్రీడాకారులకు కేటాయించింది. చాలా మంచి పని. అయితే మొదటి మెట్టు దగ్గర ఎంట్రీ ఫారం నింపేవాళ్లు లేని ఊళ్లకు ఆ మూడు శాతం ఎప్పటికి చేరుతుంది?

గేమ్స్ పీరియడ్ టైంటేబుల్‌లో ఇంకా ఉంది. ఆ గంటలో ఒక్కోసారి హిందీ నోట్సు చెప్తారు, ఒక్కోసారి తరగతిలోని డిజిటల్ ప్యానెల్ మీద వీడియో వేస్తారు. ప్యానెల్ బాగా పనిచేస్తోంది, దాని మీద మాకే ఫిర్యాదూ లేదు.

3. మైదానం. ప్రభుత్వ బడుల బాగుకు పెట్టిన నాడు-నేడు పథకంలో బడికి గోడలు కొత్తగా వచ్చాయి, మరుగుదొడ్లు బాగుపడ్డాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఏ ప్రభుత్వం చేసినా మంచిని మంచే అంటాం. కానీ ఆ పనుల జాబితాలో ఆటస్థలం లేదు. రంగులేసిన గోడ పక్కనే మైదానంలో తుమ్మ మొక్కలు మొలిచాయి. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక లేదు, వానాకాలం నీళ్లు నిలుస్తాయి. ఖోఖో పోల్ ఒకటి విరిగింది, రెండోది ఎవరో పశువుల పాకకు పట్టుకెళ్లారు. ఒక మూల రోడ్డు పనికి తెచ్చిన కంకర పోశారు, రోడ్డు అయిపోయినా కంకర కదల్లేదు. ఇంకోమూల కంచె ప్రతి ఏడూ కాస్త లోపలికి జరుగుతోంది. ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

బడి స్థలాలు బడికే ఉండాలని చెప్పడానికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఉండాల్సిన వాటిలో ఆటస్థలం కూడా ఉంది. పాఠశాల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టొద్దని రాష్ట్ర హైకోర్టు చెప్పింది. ఆ మాట అమలు చేయనందుకు 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులను కోర్టు ధిక్కారం కింద దోషులుగా తేల్చింది. వాళ్లు క్షమాపణ చెప్పాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమని పంపింది. అంత పెద్ద తీర్పు వచ్చిన రాష్ట్రంలో కంకర కుప్ప తీయించడానికి ఎవరి సంతకం కావాలో మాకు ఇప్పటికీ తెలియడం లేదు.

4. ఆడపిల్లలు. మేమందరం ఎక్కువ బాధపడుతున్నది ఇక్కడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మా ఊళ్లలో తొమ్మిది, పది తరగతుల దగ్గరే సంబంధాల మాట మొదలవుతుంది. అప్పుడు ఆ పిల్లకు అడ్డుపడటానికి ఇంట్లో ఒక కారణం కావాలి. ‘జిల్లా సెలెక్షన్ ఉంది, ఇది కాగానే చూద్దాం’ అన్న కారణం మా ఊళ్లలో పనిచేసింది. ఆ ఏడాది గడిచేలోపు పరీక్షలొచ్చేవి, పరీక్షలయ్యాక కాలేజీ వచ్చేది. అలా ఇంటర్ దాకా, డిగ్రీ దాకా వెళ్లిన అమ్మాయిలు ఈ ఉత్తరం మీద సంతకం పెట్టినవాళ్లలో ఉన్నారు. పీఈటీ సార్ ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడిన ఇళ్లూ ఉన్నాయి. సంఖ్యను చూసి పోస్టు తీసేసే లెక్కలో ఈ పని ఏ గడిలో వేస్తారో చెప్పండి.

ఉత్తరాంధ్రలో ఇది కొత్త విషయమేమీ కాదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచిన మత్స సంతోషిది విజయనగరం దగ్గర కొండవెలగాడ. ఆ ఊళ్లో బరువులెత్తే ఆడపిల్ల ఉండటం వింత కాదు. పక్క రాష్ట్రంలో పారిస్ పారాలింపిక్స్ పతక విజేత జీవంజి దీప్తి పరుగును మొదట గుర్తించింది కల్లెడ ఊరి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. పతకం వచ్చిన రోజున ఫ్లెక్సీల మీద అందరి ఫొటోలూ పడతాయి. అంతకు పదేళ్ల ముందు ఆ పిల్లను చూసిన మనిషి పోస్టు ఉందో లేదో అప్పుడెవరూ అడగరు.

5. మగపిల్లలకు మైదానం అంటే పోలీసు ఉద్యోగం, ఆర్మీ ఉద్యోగం. మా వైపు ప్రతి ఊళ్లో ఫౌజీ ఉంటాడు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరుగెత్తితేనే పూర్తి మార్కులు, తొమ్మిదడుగుల గొయ్యి దూకాలి. కానిస్టేబుల్ పరీక్షకూ పరుగే, లాంగ్‌జంపే. ఇప్పుడు కుర్రాళ్లు తెల్లవారుజామున తారు రోడ్డు మీద పరుగెడుతున్నారు, ఇసుక లారీల పక్కన. మోకాళ్లు పోతున్నాయి. ప్రాణం పోయేదాకా ఆగాలా?

6. ఖర్చు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకంలో ఉన్నత పాఠశాలకు క్రీడా సామగ్రికి ఏడాదికి 25,000 రూపాయల దాకా ఇచ్చే వీలుంది. సామగ్రి వస్తే తీసుకునేవారు, వాడించేవారు ఉండాలి కదా. మా బడిలో వాలీబాల్ నెట్ ఇంకా కవరు విప్పని ప్యాకెట్లోనే ఉంది.

ఇక మీ ఆఫీసుల్లో మాకు చెప్పిన జవాబు గురించి. ‘పిల్లలు లేరు కదండీ, నూట ఇరవై మందికి ఇన్ని పోస్టులెలా?’ అన్నారు. సంఖ్య ఎందుకు తగ్గిందో మేం చెప్తాం. లెక్కల సార్ వెళ్లిన ఏడాది జూన్‌లో కాస్త స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలు ప్రైవేటు బడి పసుపు బస్సెక్కారు. అప్పు చేసి పంపినవాళ్లూ ఉన్నారు. పిల్లలు తగ్గారని మరో పోస్టు సర్‌ప్లస్ (మిగులు) అయింది. అది చూసి ఇంకొందరు వెళ్లారు. మిగిలింది వెళ్లలేనివాళ్లు. బడి దానంతటది చిన్నదైపోలేదు, ఒక్కో పోస్టూ తీస్తూ చిన్నది చేశారు. ఇప్పుడు చిన్నదైందని ఇంకో పోస్టు తీస్తామంటున్నారు.

చట్టంలోనూ ఇదే చిక్కుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు లెక్కలు-సైన్సుకు, సోషల్‌కు, భాషలకు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది. వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు మాత్రం పిల్లలు వంద దాటితేనే అంది. మా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు వంద దాటవు. చట్టాన్ని మీరు ఉల్లంఘించారని అందుకే మేం అనడం లేదు. చట్టం పెట్టింది కనీస హద్దు. అంతకు మించి ఇవ్వకూడదని అందులో ఎక్కడా లేదు. పెద్ద బడిలో వంద మందిలో ఒకరికి ఆట వస్తే, చిన్న బడిలో తొంభై మందిలో ఒకరికి రాకుండా పోతుందా?

ఇంకొకరు బడిని పెద్దదానిలో కలిపేస్తే మేలన్నారు. కలిపే ఆ బడి పదకొండు కిలోమీటర్లు. పల్లెవెలుగు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. ఆటకు ఆగితే బస్సు పోతుంది, బస్సెక్కితే ఆట పోతుంది. ఆ దారిలో ఆడపిల్లల్ని పంపే ఇళ్లు ఎన్నో మీరే వచ్చి అడగండి.

మా డిమాండ్లు ఇవి. వచ్చే జూన్ 12న బడులు తెరిచేలోపు వీటి మీద నిర్ణయం కావాలి.

1. పది దాకా తరగతులున్న ప్రతి ఉన్నత పాఠశాలకూ పిల్లల సంఖ్యతో పనిలేకుండా ఒక లెక్కల స్కూల్ అసిస్టెంటు, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండాలి. సబ్జెక్టును చూసి పోస్టు ఇవ్వండి, తలలు లెక్కపెట్టి కాదు.

2. వెంటనే కుదరదంటే ఒకే కాంప్లెక్సులోని రెండు చిన్న బడులకు ఒక పీఈటీని ఇవ్వండి. ఏ రోజు ఏ బడిలో ఉంటారో ఉత్తర్వులో రాయండి. ఆ రోజుల్లో ఆయన్ను ఆన్‌లైన్ పనులకు, ఇతర డ్యూటీలకు వాడొద్దు.

3. పదో తరగతి ఉన్న బడిలో లెక్కలకు వర్క్ అడ్జస్ట్‌మెంట్ వద్దు. తప్పనిసరైతే విద్యాసంవత్సరం మొత్తానికి, వారంలో ఆరు రోజులకూ ఇవ్వండి.

4. బడి స్థలాన్ని సర్వేయరుతో కొలిపించి హద్దురాళ్లు పాతించండి. విస్తీర్ణం, సర్వే నంబరు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. కంకర తీయించండి. మైదానం చదును చేసే పనిలో ఊరు శ్రమదానం చేస్తుంది, ట్రాక్టర్లు మావి. మీరు అనుమతి కాగితం ఇస్తే చాలు.

5. పీఈటీ లేని బడుల పిల్లలకు సెలెక్షన్ల ఎంట్రీలు ఆగకుండా మండల స్థాయిలో ఒకరికి బాధ్యత అప్పగించండి. ఆడపిల్లల వెంట వెళ్లే మేడమ్‌కు, పిల్లలకు దారిఖర్చులు, భోజనం ముందే ఇవ్వండి, తర్వాత బిల్లు పెట్టుకోమని కాదు.

6. మా రెండు అర్జీలకూ రాతపూర్వకంగా జవాబివ్వండి. ఒకదాంట్లో పరిష్కారమైందన్నది ఎవరో, ఏం చూసి అన్నారో అందులో చెప్పండి.

నాలుగో డిమాండుకు డబ్బు దాదాపు అక్కర్లేదు. ఆరోదానికి అసలే అక్కర్లేదు. ఆ రెండింటితో మొదలుపెట్టినా మేం సంతోషిస్తాం, కానీ అక్కడితో ఆగం. జూన్ నాటికి లెక్కల టీచరు, పీఈటీ రాకపోతే బడి తెరిచిన రోజు పిల్లల్ని మామూలుగానే బడికి పంపిస్తాం, వాళ్ల చదువు చెడగొట్టం. మేం మాత్రం మండల విద్యాశాఖ కార్యాలయం ముందు కూర్చుంటాం. బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెప్పింది, ఆ హోదాతోనే వస్తాం.

సంతకాల కాగితాలు పంచాయతీ కార్యాలయంలో ఉన్నాయి. బడిలో పెట్టలేదు. దయచేసి వాటి కోసం మా టీచర్లను పిలవకండి.

ఇట్లు,
తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు